తెరుచుకునే నకలే బ్యాకప్

2025 సెప్టెంబరు 26 రాత్రి దక్షిణ కొరియాలోని దేజాన్ నగరంలో, ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. మంటలు ఆరేసరికి ‘జీ-డ్రైవ్’ అనే నిల్వ వ్యవస్థ కాలిపోయింది. ప్రభుత్వోద్యోగులు పని ఫైళ్లను తమ ఆఫీసు కంప్యూటర్లలో కాకుండా అందులో దాచుకోవాలన్నది అక్కడి సూచన. 858 టెరాబైట్ల సమాచారం. దానికి మరోచోట నకలు లేదు. పరిమాణం మరీ పెద్దది కావడంతో బయట బ్యాకప్ పెట్టలేకపోయామని అధికారులు చెప్పారు. అదే కేంద్రంలో ఆగిపోయిన మిగతా సేవల్లో, వేరేచోట నకలు ఉన్నవి ఒక్కొక్కటిగా మళ్లీ మొదలయ్యాయి. జీ-డ్రైవ్‌లోది మాత్రం తిరిగి రాలేదు.

సాంకేతికతలో అంత ముందున్న దేశంలో జరిగిన ఈ పొరపాటు మన ఇళ్లలో, దుకాణాల్లో రోజూ జరుగుతున్నదే. భద్రమైన చోట దాచుకోవడం వేరు, రెండో ప్రతి ఉంచుకోవడం వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే ఎక్కువమంది నష్టపోతారు. ఫోన్ నిండిపోయిందని పిల్లల ఫొటోలన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, ఫోన్‌లోవి చెరిపేస్తాం. ‘బ్యాకప్ తీసుకున్నాం’ అనుకుంటాం. నిజానికి అక్కడ బ్యాకప్ ఏమీ లేదు. ఉన్న ఒక్క ప్రతి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారింది, అంతే. ట్యాలీలో లెక్కలు రాసే దుకాణదారు సాయంత్రం బ్యాకప్ నొక్కుతాడు. అది వెళ్లేది అదే కంప్యూటర్‌లోని డి డ్రైవ్‌కి. చాలా కంప్యూటర్లలో సి, డి అనేవి ఒకే డిస్క్‌ను రెండు భాగాలుగా చేసి పెట్టిన పేర్లు. ఆ డిస్క్ ఆగిపోతే రెండూ ఒకేసారి పోతాయి.

కాబట్టి బ్యాకప్ పద్ధతిని ఎంచుకునేటప్పుడు ఏ కంపెనీది కొనాలి, ఎన్ని టెరాబైట్లది కొనాలి అన్న ప్రశ్నలు తర్వాత. ముందు అడగాల్సింది, నా ఫైళ్లు ఏయే కారణాలతో పోవచ్చు అని. మొదటి ప్రతి ఏ కారణంతో పోతుందో ఆ కారణానికే రెండోదీ బలి కాకూడదు. బ్యాకప్ అంటే ఇదే.

కారణాల్లో అందరికీ తెలిసింది డిస్క్ చెడిపోవడం. దానికి మరో డిస్క్ ఉంటే చాలు. చేతి పొరపాటుకు మాత్రం అది చాలదు. పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేశాం, లేదా ముఖ్యమైన ఫైల్ మీద తప్పు ఫైల్‌ను సేవ్ చేశాం. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటివి కంప్యూటర్‌లోని ఫోల్డర్‌తో జతకట్టి ఉంటాయి. ఇక్కడ మార్చింది అక్కడా మారుతుంది, ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. దీన్ని సింక్ అంటారు. ఎంతో ఉపయోగకరమే, కానీ ఒక్కటే ఉంటే బ్యాకప్ కాదు. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంచి ఆ తర్వాత శాశ్వతంగా తీసేస్తుంది. పొరపాటు తెలిసేది మూడో నెలలోనైతే అప్పటికే ఆలస్యం. చేతి పొరపాటుకు మందు, పాత ప్రతుల్ని తేదీలవారీగా దాచే పద్ధతి. విండోస్‌లో ‘ఫైల్ హిస్టరీ’, యాపిల్ కంప్యూటర్లలో ‘టైమ్ మెషీన్’ చేసేది ఇదే. నిన్నటి ప్రతి, పోయిన వారపు ప్రతి, అంతకు ముందు నెల ప్రతి విడివిడిగా దొరుకుతాయి. రెండింటికీ విడిగా ఒక డిస్క్ తగిలిస్తే చాలు, వేరే ప్రోగ్రాం ఏదీ కొననక్కర్లేదు.

ఇక స్థలం. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింది అంతస్తు ఇళ్లలో కంప్యూటర్ బల్ల మీద ఉన్నా, బ్యాకప్ డిస్క్ దాని పక్క సొరుగులో ఉన్నా వరద ముందు రెండూ ఒక్కటే. దొంగతనమూ అంతే, అగ్నిప్రమాదమూ అంతే. ఒక ప్రతి వేరే ఇంట్లోనో, వేరే ఊళ్లోనో, క్లౌడ్‌లోనో ఉండి తీరాలి.

మరో ముప్పు ర్యాన్సమ్‌వేర్. కంప్యూటర్‌లోకి చొరబడి ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడిగే దుష్ట ప్రోగ్రాం ఇది. 2017 మే నెలలో ‘వన్నాక్రై’ ప్రపంచమంతా చుట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద దాడి జరిగి, దాదాపు రెండు వారాలు రోగుల నమోదు, నివేదికలు చేతిరాతతో నడిచాయి. ఈ ప్రోగ్రాంలు కంప్యూటర్‌కు తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌నూ వదలవు. నిత్యం తగిలించి ఉంచే బ్యాకప్ డిస్క్ అందుకే ప్రమాదం. నకలు తీశాక వైరు పీకి పక్కన పెట్టాలి. వైరు పీకిన డిస్క్‌ను ఏ దొంగ ప్రోగ్రామూ తాకలేదు.

క్లౌడ్ ఉంటే ఇవన్నీ ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. 2024 మేలో యూనిసూపర్ అనే ఆస్ట్రేలియా పింఛను నిధి సంస్థకు గూగుల్ క్లౌడ్‌లో ఉన్న ప్రైవేట్ క్లౌడ్ పొరపాటున చెరిగిపోయింది. గూగుల్ దగ్గర రెండు ప్రాంతాల్లో నకళ్లున్నా, చెరిపివేత రెంటికీ వర్తించిందని ఆ సంస్థ అప్పట్లో చెప్పింది. ఆ సంస్థ మరో కంపెనీ దగ్గర కూడా బ్యాకప్ ఉంచుకోవడం దాన్ని ఆదుకుంది. మామూలు మనిషికి అంతటి ప్రమాదం అరుదే గానీ, ఖాతా చేజారడం అరుదు కాదు. పాస్‌వర్డ్ మరిచి, ఫోన్ నంబరు మారి లోపలికి వెళ్లలేకపోతాం. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాల్ని తొలగించే నియమం గూగుల్‌కు 2023 నుంచి ఉంది. కాలం చేసిన నాన్నగారి ఫొటోలు ఆయన ఖాతాలోనే ఉన్నవాళ్లు ఈ నియమాన్ని గుర్తుంచుకోవాలి. ఆ ఫొటోల్ని ఇప్పుడే మీ డిస్క్‌లోకి దించుకోండి.

ఈ చిక్కులన్నిటికీ కలిపి ఒక సులువైన లెక్క ఉంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ తన పుస్తకం ద్వారా దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. దాని పేరు 3-2-1. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల నిల్వల్లో, ఒకటి వేరేచోట. ఇంటికి సంబంధించి దీని అర్థం తేలికే. ల్యాప్‌టాప్‌లో ఒకటి, వైరు పీకి ఉంచే హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. దుకాణదారుకైతే రెండు డిస్కులు కొని మార్చి మార్చి వాడమని చెబుతాను. ఈ వారం ఒకటి దుకాణంలో, రెండోది ఇంట్లో. వచ్చే వారం అటుదిటు. క్లౌడ్ అంటే నమ్మకం లేనివాళ్లకూ, ఇంటర్నెట్ సరిగా లేని ఊళ్లకూ ఇది చక్కగా సరిపోతుంది.

ఎన్నాళ్లకోసారి? దీనికి ఎవరికి వారే జవాబు చెప్పుకోవాలి. ఎన్నిరోజుల పని మళ్లీ చేయగలను అని ప్రశ్నించుకోండి. నవల రాస్తున్నవాడు ఒక్కరోజు రాసింది పోయినా తట్టుకోలేడు, అతనికి రోజూ కావాలి. పండగ ఫొటోలకు నెలకోసారి చాలు. అన్నిటినీ కాపాడాలనుకుంటే పని పెరిగి మధ్యలో వదిలేస్తాం. ఉదయం శుభాకాంక్షల బొమ్మలు పోయినా నష్టం లేదు. స్కాన్ చేసిన పొలం కాగితాలు, చదువు పత్రాలు, మళ్లీ తీయలేని ఫొటోలు, రాతప్రతులు ముందు.

నిల్వ సాధనాల విషయానికొస్తే, పెన్ డ్రైవ్ మోసుకెళ్లడానికే గానీ దాచుకోవడానికి కాదు. ఎస్‌ఎస్‌డి వేగమైనదే, కానీ కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెడితే అందులోని సమాచారం క్షీణించే ప్రమాదం ఉంది. దీర్ఘకాలపు బ్యాకప్‌కు మామూలు హార్డ్ డిస్కే ఇప్పటికీ చవక, నయం. అదీ శాశ్వతం కాదు. నాలుగైదేళ్లు వాడిన డిస్క్‌లోని సరుకును కొత్తదానిలోకి ఎక్కించడం మంచిది.

అసలు నకలే లేదు, ఫైల్ పోయింది. అప్పుడేం చేయాలి? మామూలు హార్డ్ డిస్క్‌లో, మెమరీ కార్డులో ఫైల్ చెరిపితే అందులోని సమాచారం వెంటనే పోదు. ఆ చోటు ఖాళీ అని కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది, అంతే. దాని మీద కొత్తది రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది. కాబట్టి మొదటి పని, ఆ డిస్క్‌ను వాడటం ఆపేయడం. పెళ్లి ఫొటోలు చెరిగిపోయిన కెమెరా కార్డులో ఇంకో ఫొటో కూడా తీయకూడదు. రికవరీ ప్రోగ్రాంను అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకూడదు, వెలికితీసిన ఫైళ్లనూ అందులోనే సేవ్ చేయకూడదు. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం ఇలాంటి పనికి ఏళ్లుగా మంచి పేరున్నది. పేరులో ఫొటో ఉన్నా చాలా రకాల ఫైళ్లను తీస్తుంది. పాత ఫైల్ పేర్లు మాత్రం సాధారణంగా దక్కవు. ఎస్‌ఎస్‌డి సంగతి వేరు. చెరిపిన చోటు ఇక అక్కర్లేదని కంప్యూటర్ దానికి చెబుతుంది, దాన్ని ట్రిమ్ అంటారు. ఆ తర్వాత ఎస్‌ఎస్‌డి ఆ చోటును శుభ్రం చేసుకుంటుంది. అందులోంచి చెరిగింది తిరిగి రావడం చాలా కష్టం. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉన్నవి ఎక్కువగా ఎస్‌ఎస్‌డిలే కాబట్టి, పోయాక తీసుకోవచ్చులే అన్న పాత ధీమా ఇక పనికిరాదు.

డిస్క్ టక్కు టక్కుమని చప్పుడు చేస్తుంటే ప్రోగ్రాంలతో ప్రయోగాలు వద్దు. లోపల రాసే తల సరిగా కదలడం లేదన్నమాట. నడిపే ప్రతి నిమిషం పళ్లెం గీసుకుపోవచ్చు. ఆపేసి నిపుణుల దగ్గరికి తీసుకెళ్లాలి. నీళ్లలో తడిసిన డిస్క్‌కు ఆరిందో లేదో చూద్దామని కరెంటు ఇవ్వకూడదు. ఇలాంటి డిస్క్‌ను విప్పాల్సింది దుమ్ములేని ప్రత్యేక గదిలో, వీధి చివర రిపేరు బల్ల మీద కాదు. ఖర్చు వేలల్లో మొదలై చాలా పెరుగుతుంది, ఫలితానికి హామీ ఉండదు. ఏమీ రాకపోతే ఎంత తీసుకుంటారో ముందే కాగితం మీద రాయించుకోండి.

నకళ్లున్నా సరిపోదని చెప్పే కథ గిట్‌ల్యాబ్‌ది. ప్రపంచంలోని ప్రోగ్రామర్లు తమ పని దాచుకునే సంస్థ అది. 2017 జనవరి 31న, రాత్రి పొద్దుపోయాక, అలసిన ఒక ఇంజనీరు రెండో సర్వర్‌లో చెరపాల్సిన ఫోల్డర్‌ను అసలు సర్వర్‌లో చెరిపేశాడు. ఒకటి రెండు క్షణాల్లో తెలుసుకుని ఆపేసరికి దాదాపు 300 గిగాబైట్లలో 4.5 మిగిలింది. అయితే బ్యాకప్‌లు ఉన్నాయిగా అనుకున్నారు. ఒకటి కాదు, ఐదు రకాల ఏర్పాట్లున్నాయి. రోజూ తీయాల్సిన నకలు, ప్రోగ్రాం వెర్షన్ పొసగక చాలాకాలంగా విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి చెప్పే హెచ్చరిక ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు, మెయిల్ వ్యవస్థ వాటిని తిప్పికొట్టింది. నకళ్లు ఉండాల్సిన క్లౌడ్ ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. చివరికి ఆదుకున్నది, ఆరు గంటల ముందు ఆ ఇంజనీరే వేరే పని కోసం చేత్తో తీసిపెట్టిన నకలు. ఆ ఆరు గంటల్లో చేరిన వేలకొద్దీ ప్రాజెక్టులు, వ్యాఖ్యలు పోయాయి. సంస్థ ఇదంతా దాచకుండా, పునరుద్ధరణ పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించి, తప్పులన్నీ రాసి ప్రచురించింది. అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

ఆ బ్యాకప్‌లు తెరుచుకుంటాయో లేదో క్రమం తప్పకుండా రీస్టోర్ చేసి చూసే బాధ్యత అక్కడ ఎవరికీ లేదు. ఇంట్లో మనం చేయాల్సిన పరీక్ష చాలా చిన్నది. నెలకోసారి బ్యాకప్ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి, ఏదో ఒక పాత ఫొటో, ఒక పత్రం, ఒక లెక్కల ఫైల్ తెరిచి చూడాలి. పేర్లు కనిపిస్తే చాలదు, లోపలిది కనిపించాలి. ట్యాలీ వాడేవాళ్లు బ్యాకప్‌ను మరో కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, నిన్నటి బిల్లు వచ్చిందో లేదో చూసుకోవాలి.

తెలుగువాళ్లకు ఈ తెరుచుకోవడంలో మరో చిక్కు ఉంది. మన పుస్తకాలు, పత్రికలు ఎన్నో ఏళ్లపాటు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో, అను ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫాంట్లు అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్‌వి కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి పెట్టినవి. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, తర్వాత అది ఆగిపోయింది. అంటే డీటీపీ కేంద్రంలో మీ పుస్తకం ఫైల్ చెక్కుచెదరకుండా ఉన్నా, రేపు దాన్ని చదివే యంత్రం ఉండకపోవచ్చు. పీడీఎఫ్ ఉంటే పేజీ కనిపిస్తుంది గానీ అందులోంచి మాటలు కాపీ చేస్తే మళ్లీ ఆ గుర్తులే. వెతకడం కుదరదు, కొత్త కూర్పు వేయాలంటే మళ్లీ టైపు చేయాల్సిందే. అయితే అసలు ఫైల్ ఉంటే, అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. మార్చాక ప్రూఫులు ఒకసారి చూసుకోవాలి, వత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి.

తాళంచెవులూ ఇందులో భాగమే. కొత్త విండోస్ కంప్యూటర్లు చాలావాటిలో డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం పడుతుంది. యంత్రం చెడి డిస్క్‌ను వేరేచోట తెరవాలంటే 48 అంకెల కీ అడుగుతుంది. వాట్సాప్ బ్యాకప్‌కు పూర్తి రక్షణ పెట్టుకుంటే దాని పాస్‌వర్డో 64 అంకెల కీనో మీ దగ్గర ఉండాలి, పోతే కంపెనీ కూడా తెరవలేదు. ఇవి కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు పెట్టండి. ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.

రచయితలకు, చిన్న ప్రచురణకర్తలకు ఒక విన్నపం. మీ డీటీపీ కేంద్రం ఇంకా తెరిచి ఉండగానే, ఆ ఆపరేటర్ ఇంకా పనిలో ఉండగానే వెళ్లి మీ పుస్తకాల పేజ్‌మేకర్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు, యూనికోడ్ ప్రతులు మూడూ అడిగి తెచ్చుకోండి. ఇంటికొచ్చి మీ కంప్యూటర్‌లో యూనికోడ్ ప్రతి తెరిచి, మధ్యలో ఏదో ఒక పేజీ చదివి చూడండి.