స్వంత మెయిల్ సర్వరు స్థాపనలో సమస్యలు

స్వంత మెయిల్ సర్వరు అనగా ఈ-మెయిలు పంపడానికి, అందుకోవడానికి జీమెయిల్, యాహూ వంటి సంస్థల మీద ఆధారపడక ఒక వ్యక్తి గానీ, సంస్థ గానీ తన అధీనంలోని కంప్యూటరు మీద నడుపుకొనే సర్వరు. ఇందుకు కావలసిన సాఫ్టువేరు ఉచితంగానే లభిస్తుంది. ఉత్తరాల రవాణాకు పోస్ట్‌ఫిక్స్, చేరిన ఉత్తరాలను వాడుకరులు చదువుకోవడానికి డవ్‌కాట్ ఎక్కువ వాడుకలో ఉన్నాయి. స్థాపన ఒక పూటలో ముగుస్తుంది. పంపిన ఉత్తరం అవతలివారి ఇన్‌బాక్సులో కనబడేటట్లు చేయడానికే రోజులు పడుతుంది. తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాలలో ఇంటి లేదా చిన్న కార్యాలయపు బ్రాడ్‌బ్యాండు మీద ఈ ప్రయత్నం చేసేవారికి ఎదురయ్యే చిక్కులలో చాలా భాగం సాఫ్టువేరువి కావు, కనెక్షనువి.

నేపథ్యం

ఈ-మెయిలు రవాణాకు ఆధారమైన ఎస్‌ఎమ్‌టీపీ నియమావళిని జాన్ పోస్టెల్ 1982లో ప్రచురించాడు. అప్పట్లో నెట్‌వర్కులోని వారు ఒకరినొకరు నమ్మేవారు గనుక, పంపుతున్నది ఎవరో నిర్ధారించుకొనే ఏర్పాటు అందులో లేదు. తరువాత స్పాము పెరగడంతో ఆ లోటును పూడ్చడానికి ఒకదాని మీద ఒకటిగా తనిఖీలు వచ్చి చేరాయి. ఐబీఎమ్‌లో పనిచేస్తూ వీట్సా వెనెమా రచించిన పోస్ట్‌ఫిక్స్ 1998లో విడుదలైంది. నేటి సర్వరు నిర్వాహకుని శ్రమ అంతా ఈ తనిఖీలను దాటడంలోనే ఉన్నది.

కనెక్షను

మొదట చూడవలసినది ఐపీ చిరునామా. రౌటరులో కనబడే బయటి చిరునామా 100.64 నుండి 100.127 వరకు గల అంకెలతో మొదలైతే, ఆ కనెక్షను ఒకే చిరునామాను అనేక ఇళ్ళకు పంచే పద్ధతిలో ఉన్నదని అర్థం. అటువంటప్పుడు రౌటరులో పోర్టులు ఎన్ని తెరిచినా బయటి ఉత్తరం లోపలికి రాదు. సేవాదారు నుండి స్థిర ఐపీ తీసుకోవడం, లేదా డేటా సెంటరులో ఒక వర్చువల్ సర్వరును అద్దెకు తీసుకోవడం తప్ప దీనికి తేలికైన మార్గం లేదు.

రెండవది 25వ పోర్టు. సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు అందించుకొనేది దీని ద్వారానే. స్పామును అరికట్టడానికి చాలామంది సేవాదారులు ఇంటి కనెక్షన్లలో దీనిని మూసివేస్తారు. లాగు ఫైలులో 'కనెక్షన్ టైమ్డ్ ఔట్' అని ఒక్క గమ్యానికే వస్తే దోషం అవతలి వైపు ఉండవచ్చు. అన్ని గమ్యాలకూ వస్తే పోర్టు మూసి ఉన్నట్లే భావించాలి. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అనేది వేరు. సాధారణంగా అవతలి యంత్రం వరకు దారి ఉన్నది, అక్కడ వినే ప్రోగ్రాము లేదు అని దాని అర్థం. కొన్ని లినక్సు పంపిణీలలో పోస్ట్‌ఫిక్స్ తన యంత్రం నుండి వచ్చే పిలుపులను మాత్రమే వినేటట్లు అమర్చి ఉంటుంది. అక్కడ 'ఐనెట్ ఇంటర్‌ఫేసెస్' అమరికను మార్చవలెను.

సర్వరు ఉన్న ఇంట్లోనే కూర్చుని దాని బయటి చిరునామాను పరీక్షించడం అంత నమ్మదగినది కాదు. కొన్ని రౌటర్లు లోపలి నుండి వెళ్ళి తిరిగి లోపలికే వచ్చే పిలుపును అనుమతించవు. అందుచేత మొబైలు డేటాతోనో, మరొక ఊరి కనెక్షనుతోనో పరీక్షించడం మేలు.

డీఎన్ఎస్ నమోదులు

డొమైనుకు ఎమ్మెక్స్ నమోదు పెట్టడం అందరికీ గుర్తుంటుంది. మరచిపోయేది పీటీఆర్, అనగా ఐపీ చిరునామా నుండి పేరును చెప్పే నమోదు. దీనిని డొమైను యజమాని పెట్టలేడు. ఆ ఐపీ ఎవరిదో వారే పెట్టాలి. సేవాదారు కాల్ సెంటరులో ఈ కోరికను అర్థం చేసుకొనేవారు దొరకడమే ఒక పని. ఇది లేని సర్వరు ఉత్తరాలను పెద్ద సంస్థలు తిరస్కరిస్తాయి, లేదా స్పాములో వేస్తాయి. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిల్ ఈ షరతును అందరికీ వర్తింపజేసింది. దానితోపాటు ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలి. రోజుకు 5000కు మించి పంపేవారికి ఆ రెండూ, డీమార్క్ కూడా తప్పనిసరి.

ఈ డొమైను పేరిట ఏ సర్వర్లు ఉత్తరం పంపవచ్చునో ఎస్‌పీఎఫ్ తెలుపుతుంది. ఒక డొమైనుకు రెండు ఎస్‌పీఎఫ్ నమోదులు ఉంటే రెండూ చెల్లవు. పాతదానిని తీయకుండా కొత్తది చేర్చడం తరచుగా జరిగే పొరపాటు. డీకిమ్ ఉత్తరానికి వేసే ముద్ర వంటిది. దాని 2048 బిట్ల తాళం ఒక వరుసకు గల 255 అక్షరాల పరిమితిని మించుతుంది గనుక ముక్కలుగా రాయాలి. అతికించేటప్పుడు ఒక్క అక్షరం జారినా ముద్ర సరిపోలదు.

ఉత్తరం ఎక్కడ ఆగింది?

మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పేరుపొందిన పట్టణం. అక్కడి ఒక మిల్లు తన సర్వరు నుండి కొనుగోలుదారుకు ధరల పట్టిక పంపిందనుకొందాం. అవతలి సర్వరు 4తో మొదలయ్యే సంకేతం ఇస్తే అది తాత్కాలిక నిరాకరణ. ఉత్తరం క్యూలో ఉండి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే శాశ్వత నిరాకరణ. వెంటనే తిరిగి వస్తుంది. నిజానికి రెండవదే మేలు, ఎందుకంటే పంపినవారికి సంగతి తెలుస్తుంది. పోస్ట్‌ఫిక్స్ తొలి అమరిక ప్రకారం క్యూలోని ఉత్తరం 5 రోజుల వరకు ఉంటుంది, ఈ లోగా ఆలస్యమైనదన్న హెచ్చరిక కూడా రాదు. ధర కుదిరిందో లేదో తెలియక మిల్లు ఎదురుచూస్తుంటే కొనుగోలుదారు మరొకరి వద్ద సరుకు తీసుకొని ఉంటాడు. ఆలస్య హెచ్చరిక సమయాన్ని 4 గంటలకు అమర్చడం, రోజూ క్యూను చూడడం ఇందుకు విరుగుడు.

ఓపెన్ రిలే

'రిలే యాక్సెస్ డినైడ్' అన్న సందేశం కొత్తవారిని విసిగిస్తుంది. స్వంత డొమైనుకు వచ్చే ఉత్తరానికే ఇది కనిపిస్తే, ఆ డొమైను పేరు 'మై డెస్టినేషన్' జాబితాలో గానీ వర్చువల్ డొమైన్ల జాబితాలో గానీ లేదని గ్రహించాలి. దానిని సరిచేయడానికి బదులు 'మై నెట్‌వర్క్స్'లో లోకంలోని చిరునామాలన్నిటినీ చేర్చేవారున్నారు. సందేశం పోతుంది, సర్వరు మాత్రం ఎవరైనా స్పాము పంపుకొనే ఓపెన్ రిలే అవుతుంది. అట్టి సర్వరు త్వరలోనే స్పామ్‌హౌస్ వంటి నిషేధ జాబితాలకు ఎక్కుతుంది. బయట తిరిగే వాడుకరులు పంపడానికి 587 లేదా 465 పోర్టులో పాస్‌వర్డుతో ప్రవేశం కల్పించడమే సరైన పద్ధతి.

విద్యుత్తు

కరెంటు పోతే ఉత్తరాలు పోతాయన్న భయం అంత అవసరం లేదు. అందించలేకపోయిన ఉత్తరాన్ని పంపే సర్వరు తన వద్దే ఉంచుకొని కనీసం 4 లేక 5 రోజులు ప్రయత్నించాలని ఎస్‌ఎమ్‌టీపీ నియమావళి చెబుతున్నది. కొన్ని గంటల కోతకు ఉత్తరాలు ఆలస్యమవుతాయే గాని నష్టపోవు. డిస్కు మీద రాస్తుండగా కరెంటు పోవడమే ప్రమాదం. కాబట్టి యూపీఎస్, మరొక చోట ప్రతి ఉండాలి.