నది చూడని పిల్లలకు నది పాఠం

సౌదీ అరేబియాలో సంవత్సరం పొడవునా ప్రవహించే నది ఒక్కటి కూడా లేదు. మన తెలుగు వాచకాలలోనేమో నదులు, కాలువలు, చెరువులు లేని పుట అరుదు. ఈ రెండింటి నడుమ చిక్కుకున్నవారు ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలు. నాలుగు నుండి ఎనిమిదవ తరగతి వరకు చదివేవారిలో పలువురు గుణింతాలు, ఒత్తులు నేర్చి తెలుగు వాక్యాన్ని తడబడక చదువగలరు. ఏమి చదివావని అడిగితే మాత్రం మౌనం వహిస్తారు. ఇది అశ్రద్ధ అని తల్లిదండ్రులు భావించడం సహజం. కాని పఠనశాస్త్రం వేరొక సమాధానం చెబుతున్నది.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే శాస్త్రజ్ఞులు ఒక చిన్న సూత్రాన్ని ప్రతిపాదించారు. అక్షరాలను మాటలుగా మార్చగల శక్తిని, ఆ భాషను విని అర్థం చేసుకొనే శక్తితో గుణిస్తే వచ్చేదే చదివి గ్రహించే శక్తి. ఇది కూడిక కాదు, గుణకారం. మొదటిది 0.9, రెండవది 0.2 అయితే ఫలితం 0.18 మాత్రమే. అటువంటి పిల్లవానిచేత వర్ణమాలను మరి నూరుసార్లు వ్రాయించినా 0.9 కాస్తా 1 కావచ్చునే గాని ఫలితం 0.2ను దాటదు. పెంచవలసినది రెండవ సంఖ్యను.

దానిని పెంచడంలో విషయజ్ఞానానిది పెద్ద పాత్ర. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల విద్యార్థులు 64 మందికి ఒక బేస్‌బాల్ ఆట వర్ణనను ఇచ్చి పరీక్షించారు. పఠనంలో వెనుకబడినా ఆట తెలిసిన పిల్లలు, చక్కగా చదువగలిగీ ఆట తెలియని పిల్లలకంటె ఎక్కువ గ్రహించారు. కనుక ఈ వయస్సులో భాషాపాఠాన్ని, సాంఘికశాస్త్ర పాఠాన్ని కలిపి బోధించడం మేలు. అందుకు వారానికి ఒక శుక్రవారపు గంట చాలు.

ఉదాహరణకు గోదావరి పాఠాన్ని తీసుకుందాం. ముందుగా పుస్తకం తెరువకుండా తెలుగులోనే మాట్లాడాలి. మన కుళాయి నీరు ఎక్కడిది? గల్ఫ్ తీరంలోని జుబైల్‌లో సముద్రజలం నుండి ఉప్పును వేరుచేసి, ఆ మంచినీటిని గొట్టాల ద్వారా రియాద్ వరకు పంపుతున్నారు. వాన కురిసినప్పుడు మాత్రమే పారే 'వాదీ' పిల్లలకు తెలిసినదే. ఎన్నడూ ఎండిపోని వాదీయే నది అని చెప్పవచ్చు. కాలువను చూపాలంటే అల్ అహ్సాకు తీసుకువెళ్ళవచ్చు. 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ ఒయాసిస్సులో ఖర్జూర వనాలకు నీరందించే కాలువలు ఉన్నాయి.

తరువాత పటం గీయించి నది, ఆనకట్ట, కాలువ, పల్లం, కరువు అనే మాటలను అందులో వ్రాయించాలి. అటుపిమ్మట చదివించాలి. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు పీడించింది. 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట నిర్మించారు. నది నిండుగా పారుతున్నా, నీటిమట్టం పొలాలకంటె దిగువన ఉంటే ఆ నీరు తనంతట తాను పైరుకు చేరదు. ఆనకట్ట ఆ మట్టాన్ని పెంచుతుంది. అక్కడి నుండి నీరు కాలువల వెంట వాలుగా పారుతుంది. 'నీరు పల్లమెరుగు' అనే సామెత అప్పుడు పిల్లవానికి బోధపడుతుంది. నందన అన్నది అరవై తెలుగు సంవత్సరాల పేర్లలో ఒకటని చెప్పి, అది మరల ఎప్పుడెప్పుడు వచ్చిందో లెక్క కట్టమనండి. 1892, 1952, 2012 అని వారే తేలుస్తారు.

చివరగా వ్రాత. "తాతయ్యా, మన ఊరి పొలాలకు నీరు ఎక్కడినుండి వచ్చేది? నీరు రాని యేడు ఏమి చేసేవారు?" అని పిల్లలచేత ఉత్తరం వ్రాయించండి. తాతయ్య జవాబు వారికి చరిత్రకు మూలాధారం. తెలుగు చదవడానికి ఒక నిజమైన అవసరం కూడా.

మనలో అధిక సంఖ్యాకులు ఏనాటికైనా స్వదేశానికి మరలవలసినవారమే. ఆనాడు మన పిల్లలు ఊరి పేరును కూడబలుక్కొని చదివితే చాలదు. ఆ ఊరు ఏ నీటితో బ్రతికిందో తెలిసి చదవాలి.