అడుగని యంత్రమునకు ముందుగా వ్రాయు జవాబులు

ఒక పాఠశాలలో ముప్పది కంప్యూటర్లున్నవనుకొనుడు. ఒక్కొక్కదానిలో లినక్సును చేతితో స్థాపించినచో, అది యడుగు ప్రశ్నలకు ముప్పదిమారులు ఒకే జవాబు చెప్పవలయును. ఈ శ్రమ తప్పించుటకు జవాబులన్నిటిని ముందుగనే యొక ఫైలున వ్రాసి యంత్రమున కప్పగింతురు. డెబియనునందు ఈ పద్ధతికి ప్రీసీడనియు, ఫెడోరా, రెడ్‌హాట్‌లయందు కిక్‌స్టార్టనియు పేరు. (తెలుగున పలుకు లినక్సు 'స్వేచ్ఛ' యను పేర 2005లోనే వెలువడినది.)

భాష, గడియారము మొదలగు జవాబులు తప్పైనను మరునాడు దిద్దుకొనవచ్చును. డిస్కును గూర్చిన జవాబు అట్టిది కాదు. చేతితో స్థాపించునపుడు "డిస్కుమీది దంతయు పోవును, సమ్మతమా?" యని యంత్రమడుగును. జవాబుల ఫైలులో ఆ ప్రశ్నకును "సమ్మతమే" యని ముందే వ్రాసియుందుము. ఇక నడుగువారుండరు. పిల్లలు సంవత్సరమంతయు వ్రాసికొన్న లెక్కలు, చిత్రములు నిమిషములో మాయమగును.

కావున డిస్కును భాగములు చేయుట ముఖ్యము. గనిలో బొగ్గునంతయు త్రవ్వివేయక పైకప్పును నిలుపుటకు నడుమ స్తంభములు విడుతురని మన జైపూరు పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు. డిస్కునందును వ్యవస్థ కొక భాగము, మనుష్యుల పనికి 'హోమ్' అను మరియొక భాగము ఏర్పరచినచో ఒకటి నిండిపోయినను రెండవది నిలుచును.

డెబియనున ప్రతి భాగమునకు మూడు సంఖ్యలు మెగాబైట్లలో వ్రాయుదురు: కనిష్ఠము, ప్రాధాన్యము, గరిష్ఠము. వ్యవస్థకు 20000, 30000, 40000 అనియు, హోమ్‌నకు 10000, 100000, -1 అనియు వ్రాసితిమనుకొనుడు. -1 అనగా మితి లేదని యర్థము. మొదట కనిష్ఠములు ఇచ్చి, మిగిలినదానిని ప్రాధాన్యమునుండి కనిష్ఠమును తీసివేయగా వచ్చు సంఖ్యల నిష్పత్తిని పంచుదురు. ఇచ్చట 10000కు 90000. ఇతర భాగములను విడిచి డిస్కు 130000 అయినచో వ్యవస్థకు 30000, హోమ్‌నకు 100000 వచ్చును. విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును.

భాగములమీద నుంచు ఫైలువ్యవస్థకు ఎక్స్‌ట్ 4 చాలును. ఇది 2008లో లినక్సు కెర్నెలులో స్థిరరూపము పొందినది. ఇందలి జర్నలు చేయబోవు మార్పును ముందు చిట్టాలో గుర్తించుకొనును. మన యూర సింగరేణివారి 1200 మెగావాట్ల కేంద్రమున్నను, ఫ్యూజు పోవుట యే యింటనైనను కలుగునదే. అట్టివేళ జర్నలు ఫైలువ్యవస్థ కట్టడమును కాపాడునే గాని, భద్రపరుపని వ్యాసమును తిరిగి యీయజాలదు.

మరుసటి యేడు వ్యవస్థను మార్చునపుడే చిక్కు. ప్రీసీడు పూర్తి డిస్కును గాని, ఖాళీ స్థలమును గాని మాత్రమే విభజించును. పాత హోమ్‌ను నిలుపుట కది తగదు. కిక్‌స్టార్టున నున్న భాగమునే చూపి 'నోఫార్మాట్' అని వ్రాయవచ్చును. అప్పుడు సర్వమును తుడుచు 'క్లియర్‌పార్ట్ ఆల్' అను పంక్తి అందుండరాదు. ఏ డిస్కు ముట్టవలయునో 'ఇగ్నోర్‌డిస్క్' పంక్తిలో 'ఓన్లీ యూజ్' అని పేరుతో చెప్పవలయును. ఏలయన నొక యంత్రమున ఎస్‌డిఏ యనునది లోపలి డిస్కు కాగా, మరియొకదానిలో మనము గ్రుచ్చిన పెన్‌డ్రైవే కావచ్చును. పనులన్నిటికిని వేరొకచోట నకలు తీసి, జవాబుల ఫైలును మొదట ఖాళీ డిస్కు గల యొక్క యంత్రముమీద నడిపి చూచిన పిమ్మటనే తక్కిన యిరువదితొమ్మిదింటి కీయవలయును.