తునకల పొడవే సాక్ష్యం

ఆఫ్రికా బయటి జనాల్లో ఎవరి డీఎన్‌ఏ చూసినా అందులో సుమారు రెండు శాతం నియాండర్తల్ మనుషుల నుంచి వచ్చిందేనని ఈమధ్య తరచూ చదువుతున్నాం. చదవగానే ఒక అనుమానం రావాలి. చింపాంజీకీ మనకూ డీఎన్‌ఏ దాదాపు తొంభైతొమ్మిది శాతం కలుస్తుందంటారు. దానికంటే ఎంతో దగ్గరి చుట్టమైన నియాండర్తల్‌తో రెండే శాతం ఎలా కలుస్తుంది? అనుమానం సరైనదే. ఇవి రెండు వేర్వేరు లెక్కలు. మొదటిది పోలికకు సంబంధించింది. ఒకే పూర్వీకుల నుంచి దిగివచ్చిన రెండు శాఖల మధ్య పోలికలు ఎలాగూ ఉంటాయి, వాటికోసం ఆ శాఖలు మళ్లీ కలవనక్కర్లేదు. రెండోది రాకకు సంబంధించింది. మన పూర్వీకుల్లో ఒకరు నియాండర్తల్ అయినందువల్ల మన క్రోమోజోముల్లోకి వచ్చి చేరిన భాగమెంత అన్నది ఆ లెక్క. పోలికనూ రాకనూ విడదీయడం అంత తేలిక కాదు. పత్రికలు శాతం చెప్పి ఊరుకుంటాయి గానీ, ఇందులో అసలు సాక్ష్యం ఆ భాగాల పొడవులో ఉంది.

జర్మనీలోని నియాండర్ లోయలో 1856లో సున్నపురాయి తవ్వుతుండగా బయటపడిన ఎముకలతో ఈ మనుషులకు ఆ పేరు వచ్చింది. వాళ్ల శాఖ మన శాఖ నుంచి 5 లక్షల ఏళ్లకు పైగా క్రితమే విడిపోయింది. యూరప్‌లోనూ పశ్చిమ, మధ్య ఆసియాల్లోనూ బతికి, సుమారు 40 వేల ఏళ్ల కిందట కనుమరుగయ్యారు. స్వాంతే పాబో బృందం 1997లో ఆ ఎముకల నుంచే మైటోకాండ్రియా డీఎన్‌ఏ తీసి చదివితే, అది నేటి మనుషులెవరి దానితోనూ కలవలేదు. దాంతో కలయిక జరగలేదనే చాలామంది అనుకున్నారు. కానీ మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. కూతుళ్లు లేని తల్లితో ఆ వరుస ఆగిపోతుంది. పదహారున్నర వేల అక్షరాల ఆ ఒక్క వరుసను చూసి మూడు వందల కోట్ల అక్షరాల జీనోమ్ చరిత్ర తేల్చేయడం తొందరపాటే అవుతుంది. 2010లో అదే బృందం క్రొయేషియాలోని విందియా గుహలో దొరికిన ఎముకల నుంచి నియాండర్తల్ జీనోమ్ ముసాయిదాను సిద్ధం చేసినప్పుడు లెక్క తిరగబడింది. ఒక ఫ్రెంచి మనిషినీ, ఒక పశ్చిమాఫ్రికా మనిషినీ పక్కపక్కన పెట్టి, వాళ్లిద్దరికీ అక్షరం తేడా ఉన్నచోట నియాండర్తల్ ఎవరితో కలుస్తున్నాడో లెక్కించారు. కలయిక లేకపోతే ఇద్దరితోనూ సమానంగా కలవాలి. ఫ్రెంచి మనిషితో ఎక్కువ కలిసింది. విశేషమేమంటే, నియాండర్తల్ ఎముకలు దొరకని చైనా, పాపువా న్యూగినీల మనుషులతోనూ దాదాపు అంతే ఎక్కువగా కలిసింది. అంటే వీళ్లందరి పూర్వీకులు ఆఫ్రికా దాటాక, తూర్పుకీ పడమరకీ విడిపోకముందే ఆ కలయిక జరిగి ఉండాలి.

ఎముకను ముట్టుకున్న పరిశోధకుల డీఎన్‌ఏయే అందులో కలిసిపోయిందేమో అన్నది మొదటి అభ్యంతరం. 2006 నాటి తొలి ప్రయత్నాల్లో నిజంగానే అలా జరిగింది. అయితే పాత డీఎన్‌ఏకు ఒక గుర్తు ఉంది. వేల ఏళ్లలో దాని తునకల కొసల దగ్గర సి అనే అక్షరం చెడిపోయి టి లాగా కనిపిస్తుంది. నిన్న మొన్నటి చేతి డీఎన్‌ఏకు ఆ గుర్తు ఉండదు కనుక కల్తీ ఎంతో లెక్కగట్టవచ్చు. ఈ అభ్యంతరం అంతటితో తీరిపోయింది.

రెండో అభ్యంతరం చాలా బలమైనది. 2012లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన అండర్స్ ఎరిక్సన్, ఆండ్రియా మానికా దీన్ని ముందుకు తెచ్చారు. ప్రాచీన ఆఫ్రికాలో జనమంతా ఒకే ముద్దగా ఉండేవారనుకోవడం దేనికని వాళ్లు అడిగారు. అక్కడ ఉత్తరాన ఒక గుంపు, దక్షిణాన ఒక గుంపు ఎప్పటినుంచో వేరువేరుగా ఉండి, ఉత్తరపు గుంపు నుంచే మొదట నియాండర్తల్ శాఖ, లక్షల ఏళ్ల తర్వాత నేటి యూరప్, ఆసియా వాసుల శాఖ బయల్దేరి ఉంటే, ఏ కలయికా లేకుండానే ఆ అదనపు పోలిక వస్తుంది. అక్షరాలు లెక్కపెట్టే పద్ధతి ఈ రెండు కథలనూ విడదీయలేదు. పొడవు విడదీస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన జంట క్రోమోజోములు ప్రతి తరంలోనూ ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకున్నాకే బిడ్డకు అందుతాయి. పెద్ద భూస్వామి పొలం తరతరాల పంపకాల్లో చిన్న చిన్న కమతాలైపోయినట్టు, ఒక పూర్వీకుడి డీఎన్‌ఏ కూడా తరం తరానికీ తునకలవుతూ పోతుంది. కమతం పరిమాణం చూసి ఎన్ని పంపకాలు జరిగాయో అంచనా కట్టవచ్చు. పోలిక ఆఫ్రికా నాటి పాతదైతే ఆ తునకలు ఈపాటికి చాలా పొట్టివైపోవాలి. కానీ నేటి మనుషుల్లో వేల, పదివేల అక్షరాల పొడవున్నవి దొరుకుతున్నాయి. 2012లోనే శ్రీరామ్ శంకరరామన్ తదితరులు ఈ పొడవుల నుంచి వెనక్కి లెక్కగట్టి, నియాండర్తల్ డీఎన్‌ఏ మనలోకి వచ్చింది 37 వేల నుంచి 86 వేల ఏళ్ల కిందట అని తేల్చారు. ఆఫ్రికాలోని పాత గుంపుల కథకు ఆ తేదీలు పొసగవు.

లెక్క బాగానే ఉంది, కానీ అది లెక్కే కదా అనేవారికి ఎముకలే జవాబిచ్చాయి. తునకలు కాలంతో పొట్టివవుతాయన్నది నిజమైతే, కలయిక జరిగిన కొద్దికాలానికే బతికిన మనిషిలో అవి పొడవుగా ఉండాలి. పశ్చిమ సైబీరియాలో ఇర్తిష్ నది ఒడ్డున ఉస్త్ ఇషిమ్ దగ్గర దొరికిన తొడ ఎముక 45 వేల ఏళ్ల నాటిది. 2014లో దాని జీనోమ్ చదివితే నియాండర్తల్ తునకలు నేటి మనుషుల్లో కంటే స్పష్టంగా పొడవుగా కనిపించాయి. రుమేనియాలోని ఒవాసే గుహలో దొరికిన, సుమారు 40 వేల ఏళ్ల నాటి దవడ మరింత ముందుకెళ్లింది. ఆ మనిషి జీనోమ్‌లో 6 నుంచి 9 శాతం నియాండర్తల్‌దే. తునకలు ఎంత పొడవంటే, అతనికి నాలుగు నుంచి ఆరు తరాల ముందే ఒక నియాండర్తల్ పూర్వీకుడు ఉండాలి. సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన చిన్న ఎముక ముక్క గురించి 2018లో వెల్లడైనది వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ అమ్మాయి తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్ అనే మరో ప్రాచీన శాఖవాడు. ఆమెలో ప్రతి జంటలోనూ ఒక క్రోమోజోమ్ పూర్తిగా తల్లి శాఖది, మరొకటి దాదాపు పూర్తిగా తండ్రి శాఖది. ఒక శాస్త్రీయ వాదం ముందే ఇలా ఉండాలని చెప్పడం, తర్వాత మట్టిలోంచి అది అలాగే బయటపడడం అరుదు.

ఇంత కలిసిపోతే వాళ్లను వేరే జాతి అనడమెందుకన్నది మరో ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్నే, జీవశాస్త్రజ్ఞుల్లోనే ఏకాభిప్రాయం లేదు. కలయిక సాఫీగా మాత్రం సాగలేదు. నేటి మనుషుల జీనోమ్‌లో కొన్ని పెద్ద ప్రాంతాల్లో నియాండర్తల్ డీఎన్‌ఏ బొత్తిగా లేదు. ఎక్స్ క్రోమోజోములో మిగతా వాటికంటే బాగా తక్కువ. సంతానంలో కొందరికి, ముఖ్యంగా మగవాళ్లకు, పిల్లలు పుట్టడంలో ఇబ్బంది ఉండి ఉంటుందనీ, పనికిరాని తునకలను ప్రకృతి ఏరివేసిందనీ దీని అర్థం. పనికొచ్చినవి నిలిచాయి. టిబెట్ వాసులు ఎత్తుల మీది పలుచని గాలిలో తట్టుకోవడానికి తోడ్పడే ఈపీఏఎస్1 జన్యువు రూపం డెనిసోవన్ల నుంచి వచ్చినదే. ఇక ఆఫ్రికావాసుల్లో నియాండర్తల్ వాటా సున్నా అన్న పాత మాట కూడా నిలవలేదు. ఆసియా, యూరప్‌ల నుంచి తిరిగి వెళ్లినవారి ద్వారా అక్కడికీ కొంత చేరిందని 2020లో తేలింది.

ఆ ఏడాదే ఈ విషయం మన దాకా వచ్చింది. కోవిడ్ తీవ్రతతో ముడిపడిన మూడో క్రోమోజోములోని సుమారు 50 వేల అక్షరాల తునక నియాండర్తల్‌ల నుంచి వచ్చిందనీ, దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో అది ఉందనీ హ్యూగో జెబెర్గ్, పాబో ప్రకటించారు. అక్కడా వాళ్లు ఆధారపడింది పొడవు మీదే. అంత పొడవైన తునక 5 లక్షల ఏళ్లు చెక్కుచెదరకుండా మిగలదన్నది వాళ్ల వాదన. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. మన దేశంలో కోవిడ్ మరణాలకు ఆదిమానవుడే కారణమన్నట్టు వచ్చిన శీర్షికలనే తప్పుపట్టాలి. కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన జ్ఞానేశ్వర్ చౌబే, మరికొందరు 2021లో చేసిన పరిశీలనలో దక్షిణాసియాలో ఆ తునక వ్యాప్తికీ మరణాల రేటుకీ సంబంధం కనబడలేదు. ఒక తునక ఎక్కడినుంచి వచ్చిందో తెలియడం వేరు, ఆస్పత్రిలో అది ఏం చేస్తుందో తెలియడం వేరు.

ఈ రంగంలో హైదరాబాద్‌కూ ఒక పాత్ర ఉందని చాలామందికి తెలియదు. ఇక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్ 2009లో డేవిడ్ రైక్ బృందంతో కలిసి భారతీయుల వంశమూలాలపై చేసిన అధ్యయనంలో రూపుదిద్దుకున్న గణాంక పద్ధతులే, మరుసటి ఏడాది డెనిసోవన్ల వాటాను లెక్కగట్టడానికి పనికొచ్చాయి. 2025లో భారతీయుల 2,700కు పైగా జీనోములను పరిశీలించిన మరో అధ్యయనం వచ్చింది. ఒక్కో మనిషిలో ఉన్నది కొద్దిపాటి వాటానే అయినా ఆ తునకలు మనిషికొకచోట ఉంటాయి. వాటన్నిటినీ కలిపి పేరిస్తే నియాండర్తల్ జీనోమ్‌లో దాదాపు సగం మన దేశపు మనుషుల్లోనే దొరికింది. అయితే నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది నంద్యాల జిల్లా జ్వాలాపురంతో దీనికున్న సంబంధం. అక్కడ జుర్రేరు లోయలో 74 వేల ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వతపు బూడిద పొర ఉంది. ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. అవి మన జాతి మనుషులు చేసినవేనని, అంటే బూడిద రాలకముందే వాళ్లు ఇక్కడ ఉన్నారని, 2007లో మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరులు వాదించారు. చేసినవాళ్ల ఎముకలు దొరకనందువల్ల ఆ వాదన ఇంకా నలుగుతూనే ఉంది. తునకల పొడవును బట్టి 2024లో మరింత కచ్చితంగా కట్టిన లెక్క ప్రకారం నియాండర్తల్ డీఎన్‌ఏ మన పూర్వీకుల్లో చేరింది సుమారు 50 వేల నుంచి 43 వేల ఏళ్ల కిందట. జ్వాలాపురంలో ఆ పనిముట్లు చెక్కినవాళ్లు అప్పటికే ఇక్కడ ఉన్నవాళ్లు కనుక వాళ్లలో ఆ తునకలు ఉండి ఉండవు. వాళ్ల వారసత్వం మనలో గణనీయంగా ఉంటే మన నియాండర్తల్ వాటా ఆ మేరకు మిగతా ఆసియా, యూరప్ జనాలకంటే తగ్గాలి. అలా తగ్గినట్టు కనబడదు. ఆ రాళ్లు చెక్కింది మన జాతివాళ్లే కావచ్చు, మరో శాఖవాళ్లే కావచ్చు. ఎవరైనా, ఇప్పుడు ఆ లోయలో సేద్యం చేసుకుంటున్నవాళ్లకు వాళ్ల నుంచి వచ్చిన డీఎన్‌ఏ ఏమైనా ఉంటే అది బహు స్వల్పం.