మళ్లీ దొరికిన మర్రి జింక

'న్యూస్ రీలు అయ్యాక లోపలికెళ్దాంలే!'

ఒకప్పుడు ఏలూరు, తాడేపల్లిగూడెం సినిమాహాళ్ల దగ్గర తరచూ వినపడే మాటే ఇది. కొల్లేటి లంకల నుంచి అంత దూరం వచ్చినవాళ్లు కూడా అసలు బొమ్మ మొదలయ్యేదాకా సోడాబండి దగ్గరే కాలక్షేపం చేసేవారు. ఎందుకంటే, ముందు పడేది ప్రభుత్వ చిత్రం. ఫిల్మ్స్ డివిజన్ తీసే ఆ చిన్న సినిమాలను హాళ్లు తప్పనిసరిగా వేయాలి. తప్పనిసరి అన్నదెవరికి నచ్చుతుంది! అలా ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ చిత్రాల్లోనే ఓ ఆణిముత్యం ఉంది. పేరు 'ది బన్యన్ డీర్'... అంటే మర్రి జింక.

బాంబి గురువు

ఫిల్మ్స్ డివిజన్ 1948లో ముంబయిలో మొదలైంది. కార్టూన్ విభాగానికి శిక్షణ ఇచ్చేందుకు 1956లో అమెరికా నుంచి క్లెయిర్ వీక్స్ వచ్చారు. డిస్నీలో 'బాంబి'కి పనిచేసిన చిత్రకారుడాయన. అదీ జింకపిల్ల కథే! ఆయన దగ్గర నేర్చుకున్న మనవాళ్లు 1957లో పూర్తిచేసిన తొలి చిత్రమే ఇది. అప్పట్లో కంప్యూటర్లు లేవు. తెరమీద సెకనుకు 24 ఫ్రేములు కదలాలి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా నిమిషానికి 720 బొమ్మలు. అన్నీ చేత్తో గీసి, రంగులు వేయాల్సిందే.

కథ బౌద్ధ జాతకాల్లోది. రాజుగారి వంటశాలకు రోజుకో జింక వంతు. ఓరోజు కడుపుతో ఉన్న లేడి వంతు వచ్చింది. పుట్టబోయే బిడ్డ కోసం అది వేడుకుంటే సొంత మందకు పెద్దయిన జింక కాదు పొమ్మంది. రెండో మందకు పెద్దయిన మర్రి జింక మాత్రం ఆ లేడికి బదులు తన తలనే పీటమీద పెట్టింది. రాజు చలించిపోయి జింకలన్నిటికీ అభయమిచ్చాడు. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలున్న ఈ సీమకు ఆ కథ పరాయిదేం కాదు.

ఏలూరు బంధం

ఈ జింకకు ఇక్కడితో మరో చుట్టరికం ఉంది. 1956లోనే కార్టూన్ విభాగంలో చేరిన రామ్మోహన్ 1968లో దాన్ని వదిలి ప్రసాద్ ప్రొడక్షన్స్ యానిమేషన్ విభాగానికి సారథి అయ్యారు. ఆ సంస్థ ఎవరిదనుకుంటున్నారు? ఏలూరు పక్కనే ఉన్న సోమవరప్పాడులో పుట్టిన ఎల్వీ ప్రసాద్‌ది! 1972లో రామ్మోహన్ సొంత సంస్థ పెట్టుకున్నారు. జపాన్ దర్శకుడు యుగో సాకోతో కలిసి 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' తీశారు. 2014లో పద్మశ్రీ అందుకున్నారు. 2019లో కన్నుమూశారు. ఆ రామాయణం 2025 జనవరిలో తెలుగు మాటలతోనూ హాళ్లకొచ్చింది.

ఫిల్మ్స్ డివిజన్ 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసిపోయింది. పేరు మారితే ఫర్వాలేదు, రీళ్లు పాడైతేనే కష్టం. పెద్ద సినిమాకు నిర్మాతో, అభిమానులో ఉంటారు. చిన్న బొమ్మల చిత్రాన్ని అడిగే నాథుడేడీ? వెతికేవాళ్లుంటేనే అవి బతుకుతాయి. పాత ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లోనూ దొరుకుతున్నాయి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మర్రి జింకను వెతకండి.

ఈసారి మాత్రం సోడాబండి దగ్గర ఆగిపోకండి!