పరుగు పుట్టుకతో వచ్చునా?

2021 సెప్టెంబరులో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియమునందు 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగినప్పుడు, పంజాబునుండి వచ్చిన హర్మిలన్ బైన్స్ అను యువతి 1500 మీటర్ల దూరమును 4 నిమిషముల 5.39 సెకండ్లలో ముగించి, 2002 బుసాన్ ఆసియా క్రీడలలో సునీతారాణి నెలకొల్పగా పందొమ్మిదేండ్లు చెక్కుచెదరక నిలిచిన జాతీయ రికార్డును అధిగమించెను. ఆ బుసాన్ క్రీడలలోనే 800 మీటర్ల పరుగునందు రజతపతకము గెలిచిన మాధురీసింగ్ ఈ హర్మిలన్‌కు కన్నతల్లి. తండ్రి అమన్‌దీప్ బైన్స్ కూడ పరుగుపందెముల వాడే. ఈ వృత్తాంతము విన్నవారు, పరుగు ఆ బిడ్డకు రక్తములోనే యున్నదని తలయూపుట సహజము.

అయితే ఆ స్టేడియమునకు అనతిదూరముననే, వరంగల్ జిల్లా పర్వతగిరి మండలములోని కల్లెడ గ్రామమున, రోజుకూలీపై బ్రతుకు దంపతులకు జన్మించి, మేధోవికాసలోపమును, దానివలన వచ్చిన చులకన మాటలను చిన్ననాటినుండి సహించిన జీవంజి దీప్తి, 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో తన విభాగపు 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి, నాటికి అది ప్రపంచరికార్డు కాగా, ఆ సెప్టెంబరులోనే పారిస్ పారాలింపిక్స్‌నందు కాంస్యపతకము గైకొనెను. పాఠశాలలోని వ్యాయామోపాధ్యాయుడు ఆమె వేగమును మొదట కనిపెట్టకున్నచో, కోచ్ నాగపురి రమేశ్ ఆమెను హైదరాబాదునకు రప్పించి తీర్చిదిద్దకున్నచో, ఆ శక్తి కల్లెడ పొలిమేర దాటి ఎవరికిని తెలిసియుండెడిది కాదు. నాలుగువందల మీటర్లు దూరపు పరుగు కాకపోయినను, ఈ ఇద్దరి జీవితములును మన ముందుంచు ప్రశ్న ఒక్కటే: పరుగును నిర్ణయించునది పుట్టుకయా, సాధనయా?

దూరము పరుగెత్తు శరీరమునకు ముఖ్యముగా మూడు సామర్థ్యములు వలయును. గుండెయు ఊపిరితిత్తులును రక్తమును కలిసి నిమిషమునకు ఎంత ప్రాణవాయువును అందింపగలవో, కండరములు దాని నెంతవరకు వినియోగించుకొనగలవో తెలుపు గరిష్ఠ పరిమితి మొదటిది. ఆ పరిమితిలో ఎంత భాగమును కాళ్లు బరువెక్కకుండ చాలసేపు నిలుపుకొనగలమన్నది రెండవది. ఒకే వేగమును తక్కువ ప్రాణవాయువుతో సాధించు పొదుపు మూడవది. వీనిలో మొదటిదానికి వంశముతో గాఢమైన సంబంధము కలదు. 1990ల దశాబ్దమున క్లాడ్ బుషార్డ్ మొదలగు శాస్త్రజ్ఞులు ఉత్తర అమెరికాలో, అంతవరకు వ్యాయామ మెరుగని కుటుంబములను, తలిదండ్రులను బిడ్డలను కలిపి, 20 వారములు ఒకే తీరున సైకిలు యంత్రముపై శ్రమింపజేసి చూడగా, కొందరి గరిష్ఠ పరిమితి నిమిషమునకు ఒక లీటరుకు పైగా పెరుగగా, కొందరిలో పెంపు దాదాపు శూన్యమయ్యెను; ఒకే కుటుంబమువారి ఫలితములు మాత్రము ఒకదానితో నొకటి పోలియుండెను. ఈ వ్యత్యాసములో సుమారు సగము వంశానుగతమని వారు లెక్కకట్టిరి. అనగా, సాధనవలన కలుగు మేలు సైతము కొంతవరకు పుట్టుకతో ముడివడియున్నదన్న మాట.

ఇది చూచి నిరుత్సాహపడ నక్కరలేదు. 2017లో జ్యూరిక్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, వారమునకు ఒకటి రెండుసార్లు మాత్రమే శ్రమించినవారిలో పలువురికి ఫలము కనబడకున్నను, నాలుగైదుసార్లు శ్రమించినవారిలో ఫలము పొందనివారే లేకపోయిరి. తక్కువ మోతాదుకు లొంగని శరీరము ఎక్కువ మోతాదుకు లొంగుననియే దీని తాత్పర్యము. మన వరంగల్ వేసవిలో పరుగెత్తువారికి ఇట్టిదే మరియొక నిదర్శనము అనుభవమున నున్నది: ఎండకు క్రమక్రమముగా అలవాటుపడు శరీరము, రెండువారములు గడచునప్పటికి, రక్తములోని ద్రవభాగమును పెంచుకొని, చెమటను త్వరగా విడిచి, అదే వేగమునకు గుండె కొట్టుకొను వడిని తగ్గించుకొనును.

ఒక్క జన్యువు అసాధారణ బలమిచ్చిన ఉదాహరణము లేకపోలేదు. 1960, 1964, 1968 ఒలింపిక్ క్రీడలలో స్కీయింగునందు 7 పతకములు గెలిచిన ఫిన్లండు దేశీయుడు ఈరో మాంటిరాంటా కుటుంబమున, ఎర్ర రక్తకణములను మిక్కుటముగా పుట్టించు జన్యుమార్పు కలదని 1993లో తేలినది. అయినను ఆ మార్పుగల బంధువులందరును ఒలింపిక్ విజేతలు కాలేదు. దూరపు పరుగును శాసించు ఏకైక జన్యువు ఇంతవరకు దొరకలేదు. స్వల్ప ప్రభావముగల అనేక జన్యువులు కలిసి పనిచేయుచున్నందున, లాలాజలమును పరీక్షించి ఒక బాలుడు మారథాన్ వీరుడగునో కాడో చెప్పుట నేటి శాస్త్రమునకు సాధ్యము కాదు. లోకమున మేటి పరుగువారినెందరినో కన్న కెన్యాదేశపు కలెంజిన్ తెగవారిలోసైతము, సన్నని పిక్కలుగల దేహము, సముద్రమట్టమునకు సుమారు 2400 మీటర్ల ఎత్తుననున్న ఇటెన్ వంటి ఊళ్ల పలుచని గాలి, పరుగుతో కుటుంబము గట్టెక్కునన్న ఆశ, ఈ మూడును ఎంతగా పెనవేసికొనియున్నవనగా, వీనిలో దేని పాలు ఎంతయో విడదీసి చూపుట దుస్సాధ్యము.

హర్మిలన్ విషయమునను ఇంతే. ఆమెకు తలిదండ్రులనుండి సంక్రమించినది దేహము మాత్రమే యనుకొనుట పొరపాటు. ఏ వయసున ఎంత పరుగెత్తవలెనో, గాయమైననాడు ఎట్లు ఆగవలెనో, ఓడిననాడు ఎట్లు లేవవలెనో తెలిసిన ఇల్లు కూడ ఆమెకు వారసత్వముగనే లభించెను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఆమె 1500 మీటర్లతోబాటు 800 మీటర్లలోను రజతము గెలిచి, తల్లి తెచ్చిన పతకమునే 21 ఏండ్లకు మరల ఇంటికి తెచ్చినప్పుడు, ఆ పతకమున రక్తమెంతయో, పెంపకమెంతయో ఎవరు చెప్పగలరు? అట్టి ఇల్లు లేని దీప్తికి ఆ కొరతను తీర్చినది పాఠశాలయు, గురువులును.

కాకతీయులు పాఖాల, రామప్ప, లక్నవరము చెరువులు త్రవ్వించిన ఈ సీమవారికి ఈ తత్త్వమును వేరుగా బోధింప నక్కరలేదు: వాన ఎంత కురియునో మన చేతిలో లేదు గాని, కురిసిన నీరు నిలుచునో పల్లమునకు పారిపోవునో చెరువు త్రవ్విన చేతిలో నున్నది. పుట్టుక యిచ్చిన హద్దు ప్రతి మనుష్యునకు కలదు. ఆ హద్దు ఎక్కడనున్నదో ఏండ్లతరబడి చేసిన క్రమసాధనకు మాత్రమే తెలియును. పదునాలుగేండ్ల బిడ్డ ఒక్క పందెములో వెనుకబడినంత మాత్రమున "నీ వల్ల కాదు" అని పంపివేయు పెద్దవారు, ఎవరును చూడని హద్దును చూచినట్లు తీర్పు చెప్పుచున్నారు. ప్రతి మండలమున పరుగునకు తగిన నేలయు, ప్రతి పాఠశాలయందు పిల్లల కాళ్లను శ్రద్ధగా గమనించు వ్యాయామోపాధ్యాయుడును ఉండవలెనని అడుగుట అందుచేతనే విలాసము కాదు. దీప్తి వంటి బిడ్డలు ఇంకెందరున్నారో తెలిసికొనుటకు మనకున్న మార్గ మదియొక్కటే.