తెలుగు టీటీఎస్ వ్యవస్థ: పాఠ్య సంస్కరణ ఆవశ్యకత

ఉపోద్ఘాతం:
రాసి ఉన్న పాఠ్యాన్ని కంప్యూటర్ చేత చదివించే విధానాన్ని టెక్స్ట్ టు స్పీచ్, సంక్షిప్తంగా టీటీఎస్ అంటారు. చూపు లేని విద్యార్థులు, పరిశోధకులు మరొకరిపై ఆధారపడకుండా చదువుకోవడానికి ఇది ముఖ్య సాధనం. హైదరాబాదు హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఏర్పడింది. ఆ సంస్థ పరిశోధకులు తెలుగుతో సహా ఏడు భారతీయ భాషల వాక్ దత్తాంశాలను 2012లో వెలువరించారు. ఒక్కొక్క భాషకు వికీపీడియా వ్యాసాల నుంచి 1000 వాక్యాలను ఎంపిక చేసి, చదివించి, రికార్డు చేశారు.

ఇంజన్ ఎంపిక:
ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో రూపొందిన ఫెస్టివల్, తెలుగును చదవగలిగే ఈస్పీక్ ఎన్‌జీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. రికార్డు చేసిన వాక్యాల ఆధారంగా ఫెస్టివల్‌కు కొత్త స్వరాన్ని నిర్మించవచ్చు. ఈస్పీక్ ఎన్‌జీ పరిమాణంలో చిన్నది. దాని స్వరం యాంత్రికంగా ఉంటుంది. దానిని స్థాపించి, భాషగా తెలుగును ఎంచుకొని, యూనికోడ్ పాఠ్యాన్ని అందిస్తే శబ్దం వెలువడుతుంది. అసలు సమస్య ఆ తరువాతనే మొదలవుతుంది.

పాఠ్య సంస్కరణ:
అను ఫాంట్లలో టైపు చేసిన పాత డీటీపీ ప్రతులను ముందుగా యూనికోడ్‌లోకి మార్చాలి. లేనిపక్షంలో ఇంజన్ వాటిని తెలుగుగా గుర్తించదు. తరువాత అంకెలను సందర్భానుసారంగా పదాలుగా విడమరచాలి. '1998లో' అన్నప్పుడు 'పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో' అని చదవాలి. '1998 ప్రతులు' అన్నప్పుడు 'వెయ్యి తొమ్మిది వందల తొంభై ఎనిమిది ప్రతులు' అనాలి. '3 పుస్తకాలు' మూడు పుస్తకాలే కాని, '3 విద్యార్థులు' ముగ్గురు విద్యార్థులు. 'డా.' తరువాతి చుక్కను వాక్యాంతంగా భావించి స్వరం ఆగకూడదు. ఈ నియమాలను పాఠ్యం ఇంజన్‌కు చేరకముందే అమలయ్యే ప్రత్యేక దశగా ప్రోగ్రాములో చేర్చడం మేలు. అప్పుడు ఇంజన్‌ను మార్చినా నియమాలు నిలుస్తాయి.

ఉచ్చారణ నిఘంటువు:
తెలుగు లిపి చాలావరకు ఉచ్చారణను అనుసరిస్తుందన్నది నిజమే. అయితే 'చాప'లోని చకారం దంత్యం, 'చాపం'లోనిది తాలవ్యం. 'జాలి', 'జాతి' పదాల మధ్యా ఇదే భేదం ఉంది. దంత్య చ, జలకు ప్రత్యేక లిపి సంకేతాలున్నా నేటి అచ్చులో అవి కనిపించవు. కనుక దేశ్య, తత్సమ భేదం తెలిపే పదసూచి అవసరం. దీనిని సిద్ధం చేయగలవారు తెలుగు శాఖల అధ్యాపకులు, పరిశోధకులే.

ముగింపు:
ఇంజన్ స్థాపన ప్రోగ్రామర్ పని; చదువు సరిగా ఉన్నదా లేదా అన్న నిర్ణయం భాష తెలిసినవారిది. చూపు లేని పాఠకుల చేత పరీక్షింపజేయనిదే ప్రాజెక్టు పూర్తి కాదు. కంటితో చదివేవారు తప్పును పక్క వాక్యంతో పోల్చి సరిచేసుకోగలరు. చెవితో చదివేవారికి విన్నదే పాఠ్యం; యంత్రం తప్పుగా చదివిన సంవత్సరం వారి సిద్ధాంత వ్యాసంలోకి అదే తప్పుతో చేరుతుంది.